ఎలక్ట్రోలైట్ల చీటీలోనే మిథనాల్ జాడ

తాగిన మర్నాడు కళ్ళు మసకబారాయని, కడుపునొప్పి, ఆయాసమని వచ్చిన మనిషిని ‘ఇంకా మత్తు దిగలేదు’ అని పక్కన పడుకోబెట్టడం ప్రాణాంతకం. మిథనాల్ మొదట్లో మామూలు మత్తులాగే ఉంటుంది. శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చి, లక్షణాలు బయటపడేసరికి 12 నుంచి 24 గంటలు పట్టొచ్చు. మామూలు మద్యం కూడా తాగి ఉంటే ఇంకా ఆలస్యం. కంటినరాన్ని దెబ్బతీసేది ఆ ఆమ్లమే.

అశ్వారావుపేట దాటితే వచ్చే జంగారెడ్డిగూడెంలో 2022 మార్చిలో వరసగా మనుషులు చనిపోయారు. నాటుసారానే పొట్టన పెట్టుకుందని కుటుంబాలు ఏడ్చాయి. సహజ మరణాలని అప్పటి ప్రభుత్వం వాదించింది. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. ఇప్పసారా కాచుకునే కోయగూడేలను దోషులుగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. ఇలాంటి సామూహిక మరణాల వెనుక సాధారణంగా ఉండేది లాభం కోసం కలిపే పారిశ్రామిక మిథనాల్.

రక్తంలో మిథనాల్‌ను నేరుగా కొలిచే సదుపాయం చిన్న ఆస్పత్రుల్లో ఉండదు. ఫోరెన్సిక్ రిపోర్టు వచ్చేదాకా ప్రాణం ఆగదు. కానీ రోజూ చేసే ఎలక్ట్రోలైట్ల పరీక్షలోనే ఒక ఆధారం ఉంది. సోడియం 140, క్లోరైడ్ 100, బైకార్బనేట్ 8 వచ్చాయనుకోండి. సోడియంలోంచి మిగతా రెండూ తీసేస్తే 32. ఈ తేడా మామూలుగా 12 దాటకూడదు. అంటే రక్తంలో లెక్కకు రాని ఆమ్లమేదో పేరుకుంది. చాలాచోట్ల చీటీలో సోడియం, పొటాషియం, క్లోరైడే రాస్తారు. బైకార్బనేట్ అడిగి చేయించాలి.

ఈ లెక్క ఒక్కటే తీర్పు కాదు. మధుమేహం ముదిరినా, కిడ్నీలు చెడినా తేడా పెరుగుతుంది కనుక షుగర్, క్రియాటినిన్ కూడా చూడాలి. తాగిన తొలి గంటల్లో తేడా మామూలుగానే ఉండొచ్చు. అందుకే ఒకసారి బాగుందని ఇంటికి పంపేయకుండా, కొన్ని గంటలకు మళ్ళీ రక్తం తీయాలి. అనుమానం బలపడితే విరుగుడుగా ఫోమెపిజోల్ గానీ, అది దొరక్కపోతే వైద్యుల పర్యవేక్షణలో ఇథనాల్ గానీ మొదలుపెట్టి, డయాలసిస్ ఉన్నచోటికి తరలించాలి.

చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవి ఊళ్ళ నుంచి రోగి ఆస్పత్రి చేరేసరికే విలువైన గంటలు గడిచిపోతాయి. అర్ధరాత్రి వచ్చిన రోగికి రక్తం ఎవరు తీస్తారో, లెక్క ఎవరు వేస్తారో, విరుగుడు ఏ బీరువాలో ఉందో భద్రాద్రి, ఖమ్మం జిల్లాల వైద్యాధికారులు ఇప్పుడే తేల్చి, ప్రతి ఆస్పత్రికీ రాతపూర్వకంగా పంపాలి.