కురిక్యాల గుట్ట మీది కందాలు



తెలుగు కందానికి ఆది ఎక్కడంటే మనలో చాలామందికి రాజమహేంద్రవరము, నన్నయభట్టారకుడు స్ఫురిస్తారు. మా కాలపు వాచకాలు అలాగే నేర్పాయి. కానీ నన్నయకు సుమారు నూరేండ్ల ముందే, సా.శ. 945 ప్రాంతంలో, నేటి కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలోని కురిక్యాల దగ్గర మూడు తెలుగు కందాలు రాతికెక్కాయి. అవి ఉన్న చోటు బొమ్మలమ్మ గుట్ట.

చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపనికి స్వయానా తమ్ముడు. అన్నగారు వేములవాడ చాళుక్యుడైన రెండవ అరికేసరి కొలువులో విక్రమార్జున విజయం రచిస్తే, తమ్ముడు ఈ గుట్ట మీద జినబింబాలనూ చక్రేశ్వరీదేవినీ మలిపించి సంస్కృత, కన్నడ, తెలుగు భాషలు మూడింటిలోనూ శాసనం వేయించాడు. త్రిభువనతిలకమనే బసది కట్టించాడు. చెరువు తవ్వించి దానికి అన్నగారి బిరుదమైన ‘కవితాగుణార్ణవ’మనే పేరు పెట్టాడు. చెరువుకు కవి పేరు! (మనం చెరువులకు పేర్లు పెట్టడం మాట అటుంచి, చెరువులనే మిగల్చడం లేదు.)

ఛందస్సు చెప్పి బతికినవాణ్ణి గనుక నాకు ఆ మూడు పద్యాల మీదే మక్కువ. కందం లొంగే పద్యం కాదు. బేసి గణం జగణం కారాదు, ఆరవది నలమో జగణమో అయి తీరాలి, ప్రాస తప్పరాదు. కందం చెప్పినవాడే కవి అనే సామెత ఊరికే పుట్టలేదు. ఇంతటి కట్టుదిట్టమైన పద్యం ఒక గుట్ట మీద నిలిచిందంటే, అంతకుముందు ఎన్ని నోళ్ళలో నలిగి ఉండాలి!

ఊరివారికి ఆ చక్రేశ్వరి బొమ్మలమ్మ. జైన దేవత గ్రామదేవత అయిపోయిందని నొచ్చుకునే పండితులున్నారు. నేను నొచ్చుకోను. మొక్కు ఉన్న రాతి మీద సమ్మెట పడదు. ప్రభుత్వపు బోర్డు కన్నా పసుపు కుంకుమలకే కాపలా శక్తి ఎక్కువ.

అయితే కరీంనగర్ సీమ గ్రానైట్ సీమ. అక్కడి రాయి ‘టాన్ బ్రౌన్’ అనే పేరుతో విదేశాలకు పోతుంది. క్వారీల వల్ల కూలి దొరుకుతున్నమాట నిజమే, ఆ కూడు కాదనడానికి నేనెవరిని? కానీ పలక మీది శాసనాన్ని మ్యూజియానికి తరలించవచ్చు. గుట్ట మీది శాసనానికి గుట్టే మ్యూజియం. అక్షరాలున్న నాలుగు గజాలు వదిలి పక్కన మందుపాతర పేలిస్తే ఆ అదురుకు రాయి బీటవారదా? కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ నూరు మీటర్ల నిషేధాన్నీ, ఆపైన రెండు వందల మీటర్ల నియంత్రణనూ 2010 నాటి చట్ట సవరణ విధించింది. శాసనమున్న ప్రతి గుట్టకూ, అది ఎవరి జాబితాలో ఉన్నా, కనీసం అంతటి హద్దు గీసి, రాళ్ళు పాతి, గ్రామపంచాయతీ దస్త్రంలో ఎక్కించాలని నా వాదన. క్వారీకి అనుమతి అడిగిన నాడు మొదట తెరవవలసినది ఆ దస్త్రమే.

ఆ చుట్టుపక్కల బడుల్లోని తెలుగు ఉపాధ్యాయులకు ఒక మనవి. కందం పాఠం వచ్చిన వారం పిల్లల్ని గుట్టకు తీసుకువెళ్ళండి. గణవిభజన అక్కడే చేయించండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దుటిపూట అక్షరాలు బాగా తేలుతాయి. కనబడలేదని సుద్దముక్కతో మాత్రం రుద్దనీయకండి.