అదృష్టము – ఆశ – ఒడంబడిక

ఏ దేశమునందైనను ఆట ముగిసిన తరువాత మొదలగునది వాదము. మైదానము ఖాళీ యగును. వాదము మాత్రము ప్రేక్షకుల వెంట ఇంటివరకు వచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని బేస్‌బాల్ అభిమానుల సంగతి ఇట్టిదే. ఆటలు లేని శీతకాలమందును వారి వాదములకు విరామము లేదు. అవి ఎన్ని యైనను మూడు ప్రశ్నల చుట్టును తిరుగుచుండును. ఈ ఆటగాడు గెలిచినది నేర్పుచేతనా, అదృష్టముచేతనా? ఆ కుర్రవాడు ముందుముందు గొప్పవాడగునా? ఈ పేరుపొందిన ఆటగానికి ఇన్ని కోట్ల డాలర్ల కాంట్రాక్టు తగునా?

మన పాఠశాలలో ఈ ఆట లేదు. కబడ్డీయు, క్రికెట్టును తెలిసినంతగా ఇది మన పిల్లలకు తెలియదు. అయినను ఈ మూడు ప్రశ్నలును మన ఇండ్లలో పిల్లల చదువును గూర్చి ప్రతిదినము వినవచ్చునవే. కనుకనే ఈ విషయమున మా అభిప్రాయమును విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను ఉంచుచున్నాము.

మొదట ఆట స్వరూపము. ఇరుపక్షములందును తొమ్మిదిమంది చొప్పున ఆడుదురు. బంతి విసరువానిని పిచ్చర్ అందురు. ఎదుటివాడు దానిని బ్యాటుతో కొట్టి, వరుసగా స్థావరములను చుట్టి వచ్చుటకు ప్రయత్నించును. క్రికెట్టులోవలె ఔటగువరకు గంటలకొలది నిలుచు అవకాశము ఇచట లేదు. ఒక మ్యాచిలో ఒక్కొక్కనికి నాలుగైదు సారులు మాత్రమే వంతు వచ్చును. పదిసారులలో మూడుసారులు బంతిని కొట్టి స్థావరము చేరగలవాడు మేటి ఆటగాడని పేరు. అనగా మేటివాడు సైతము పదింట ఏడుసారులు విఫలుడే. పెద్ద లీగులో 30 క్లబ్బులు కలవు. ఒక్కొక్క క్లబ్బు ఏడాదికి 162 మ్యాచులు ఆడును.

ఇక అదృష్టము మాట. పై తరగతుల విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. పదింట మూడుసారులు కొట్టగలవాడు ఒక మ్యాచిలో తనకు వచ్చిన నాలుగు వంతులలోను విఫలుడగు సంభావ్యత ఎంత? నాలుగు 0.7లను గుణించినచో 0.24 వచ్చును. ఇంచుమించు నాలుగు మ్యాచులకొకసారి ఆ మేటి ఆటగాడు వట్టి చేతులతో ఇంటికి పోవునన్నమాట. వరుసగా మూడు మ్యాచులు ఇట్లు జరుగు సంభావ్యత 0.014, 162 మ్యాచుల కాలములో అది ఒకటి రెండు సారులు సంభవించుట వింత కాదు. వాని చేయి తగ్గలేదు, కన్ను మందగింపలేదు. కాని ఆ మూడు దినములలో అభిమానులు “వీని పని అయిపోయినది” అని తీర్పు చెప్పుదురు. మరునాడు రెండు బంతులు ఎదుటివారి చేతికి చిక్కక సందున దూరినచో ఆ నోటనే పొగడుదురు.

పిచ్చర్ల విషయమును ఇంతే. 2001లో వోరోస్ మెక్రాకెన్ అను పరిశీలకుడు ఒక సంగతిని లెక్కలతో చూపెను. బ్యాటుకు తగిలి మైదానములో పడిన బంతి ఎదుటివారి చేతికి చిక్కుటయు, చిక్కకపోవుటయు పిచ్చరు అదుపులో మనము తలంచినంతగా లేదని ఆయన వాదము. పెద్ద లీగులో అట్టి బంతులు నూటికి ఇంచుమించు ముప్పది చిక్కకుండ పోవును. ఒకే పిచ్చరుకు ఈ సంఖ్య ఒక యేట పెరిగి, మరుయేట తగ్గుచుండును. తరువాతివారు ఈ వాదమును కొంత సవరించిరి. అయినను మూలాంశము నిలిచియే యున్నది.

“కలిసివచ్చే కాలము వస్తే నడిచివచ్చే కొడుకు పుట్టును” అని మన సామెత. అదృష్టము కలదని ఒప్పుకొనుట నేర్పు లేదని చెప్పుట కాదు. నాలుగు వంతులలో అదృష్టము పెద్దది. నాలుగు వేల వంతులలో నేర్పే పెద్దది. ఈ రెంటిని వేరుచేయునది కాలమొక్కటే. అభిమానులకు లేనిది ఆ ఓపిక.

రెండవది ఆశ. 1965 మొదలుకొని అమెరికాలోని క్లబ్బులు పాఠశాలల, కళాశాలల కుర్రవాండ్రను వంతుల ప్రకారము ఏటేట ఎన్నుకొనుచున్నవి. ముందుగా పిలువబడినవానికి పేరును, ధనమును అప్పుడే వచ్చును. వాడు పెద్ద లీగున ఒక్క బంతియైనను ఆడకముందే అభిమానులు వానిని మహావీరుల సరసన కూర్చుండబెట్టుదురు. “ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము” అన్నట్లుండును ఈ సంబరము. 1991లో న్యూయార్క్ యాంకీస్ క్లబ్బు అందరికంటె ముందు బ్రయన్ టేలర్ అను యువ పిచ్చరును ఎన్నుకొని, 15 లక్షల 50 వేల డాలర్లు ముట్టజెప్పెను. 1993లో ఒక కొట్లాటలో అతని భుజము దెబ్బతినెను. పెద్ద లీగున ఒక్క మ్యాచియైనను ఆడు భాగ్యము అతనికి కలుగలేదు.

దీనికి ఎదురుగా 2016 నాటి సంగతి చూడుడు. ఆ యేట బేస్‌బాల్ కీర్తి మందిరమున ఇద్దరికి ఒకేసారి స్థానము లభించెను. ఒకడు కెన్ గ్రిఫీ జూనియర్. 1987 ఎంపికలో మొట్టమొదట పిలువబడినవాడు. రెండవవాడు మైక్ పియాజ్జా. 1988 ఎంపికలో 62వ వంతున, 1,390వ వానిగా పిలువబడినవాడు. “పువ్వు పుట్టగానే పరిమళించును” అను సామెత గ్రిఫీ యెడల నిజమైనది. పియాజ్జా యెడల నిజమైనది వేరు: కొన్ని పువ్వుల వాసన ఆలస్యముగా తెలియును. ముందుగా పిలువబడినవారిలో నెగ్గువారే ఎక్కువ యను మాట నిజమే. ఎంపికచేయువారు కండ్లు మూసికొని ఎన్నుకొనరు. కాని వారి జాబితా ఒక అంచనాయే గాని జాతకము కాదు.

మన దేశమునకు సంబంధించిన ఒక నిదర్శనము కలదు. 2008లో ఉత్తర ప్రదేశమునకు చెందిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అను ఇద్దరు యువకులు బంతి విసరు పోటీలో నెగ్గి అమెరికా వెళ్లిరి. ఈటె విసరుట ఎరిగిన వారికి బేస్‌బాల్ అన నేమో తెలియదు. ఆ యేడే పిట్స్‌బర్గ్ పైరేట్స్ క్లబ్బు వారితో ఒడంబడిక చేసికొనెను. ఇద్దరును చిన్న లీగులలో ఆడిరి గాని పెద్ద లీగు చేరలేదు. వీరిని విఫలులందుమా? ఎరుగని దేశమున, ఎరుగని భాషలో, ఎరుగని ఆటను నేర్చి జీతము తీసికొని ఆడినవారిని అట్లనుటకు మాకు నోరు రాదు.

మూడవది ఒడంబడిక. వాదము వేడెక్కునది ఇచటనే. “ఇన్ని కోట్లు తీసికొని వీడు చేసినదేమి?” అని అభిమానులు ఆటగానిని దూషింతురు. ఈ దూషణ న్యాయము కాదని మా నిశ్చితాభిప్రాయము. కారణము తెలియుటకు కొంత చరిత్ర చెప్పవలెను.

19వ శతాబ్దమునుండి క్లబ్బుల ఒడంబడికలలో రిజర్వు నిబంధన యుండెడిది. దానిచేత ఆటగాడు ఒక క్లబ్బుకు కట్టుబడినచో, ఆ క్లబ్బు విడిచినగాని వేరొకచోటికి పోరాదు. క్లబ్బు మాత్రము వానిని ఇష్టము వచ్చినచోటికి మార్చవచ్చును. 1969లో సెయింట్ లూయిస్ క్లబ్బు కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి ఆటగానిని ఫిలడెల్ఫియాకు మార్చెను. పండ్రెండేండ్లు ఆ క్లబ్బున ఆడిన ఫ్లడ్, తాను కొని అమ్మదగిన వస్తువును కానని చెప్పి న్యాయస్థానమునకు ఎక్కెను. 1972లో అత్యున్నత న్యాయస్థానము అతనికి వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. అప్పటికే అతని ఆట ముగిసినది. 1975 డిసెంబరులో పీటర్ సైట్జ్ అను మధ్యవర్తి, ఆండీ మెసర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అను ఇద్దరు పిచ్చర్ల పక్షమున నిర్ణయము చేయగా ఆ సంకెల సడలెను. ఫ్లడ్ నాటిన చెట్టు నీడలో ఇతరులు కూర్చుండిరి.

సంకెల సడలినదే గాని పూర్తిగా ఊడలేదు. పెద్ద లీగున ఆరేండ్ల సేవ పూర్తియైనగాని ఆటగానికి తనకు తానుగా క్లబ్బును ఎన్నుకొను స్వేచ్ఛ రాదు. మొదటి మూడేండ్లు సాధారణముగా కనీస జీతమో, దానికి కొంచె మెక్కువయో దక్కును. వయసు, బలము నిండుగా నున్నది ఆ కాలముననే.

క్రిస్ బ్రయంట్ కథ దీనికంతకును ఉదాహరణము. 2015లో షికాగో కబ్స్ పక్షమున సన్నాహపు మ్యాచులలో అతడు 9 హోమ్ రన్‌లు కొట్టెను. అయినను క్లబ్బు అతనిని పెద్ద లీగులోనికి ఏప్రిలు 17న గాని పిలువలేదు. అతడు ఇంకను నేర్వవలసినది కలదని కారణము చెప్పెను. ఒక సంవత్సరపు సేవకు 172 దినములు కావలెను. అతనికి వచ్చినవి 171. ఆ ఒక్క దినము కొరతచేత స్వేచ్ఛ ఒక యేడు వెనుకకు జరిగెను. అతడు చేసికొన్న ఫిర్యాదు 2020లో కొట్టివేయబడెను. 2016లో కబ్స్ 108 ఏండ్ల తరువాత విజేతలైరి. ఆ యేట నేషనల్ లీగున మేటి ఆటగాడు బ్రయంటే. అప్పుడతని జీతము ఏడు లక్షల డాలర్లకు లోపు. 2022లో కొలరాడో రాకీస్ అతనితో ఏడేండ్లకు 18 కోట్ల 20 లక్షల డాలర్ల ఒడంబడిక చేసికొనెను. తరువాత గాయములు చుట్టుముట్టినవి. మొదటి నాలుగేండ్లలో 648 మ్యాచులకుగాను అతడు ఆడినవి 170.

నేటి అభిమాని ఈ కడపటి లెక్కనొక్కదానిని చూచి కోపించును. ఒక దినము కొరతను, మేటియై ఆడిన యేటి చిన్న జీతమును ఎవరు లెక్కింతురు? “క్లబ్బు సొమ్ము అనగా మా టిక్కెట్టు సొమ్మే గదా” అని అభిమాని అనవచ్చును. ఆ బాధ నిజమైనదే. కాని సంతకము చేసినవారు ఇరువురు. ఆటగాని వయసు, గాయముల చరిత్ర తెలిసియే క్లబ్బు సంతకము చేసినది. ఆ దినమున తెలిసిన సంగతులను బట్టి ఆ నిర్ణయము మంచిదా, చెడ్డదా యని యజమానులను ప్రశ్నింపుడు. తరువాత వచ్చిన గాయమునకు ఆటగానిని దోషిని చేయకుడు. మాట ఇచ్చినవాడు మాట నిలుపుకొనుట తప్పు కాదు. ఇచ్చిన మాట ప్రకారము పుచ్చుకొనుట దొంగతనము కాదు.

అభిమానుల జాలికి నిజముగా పాత్రులు వేరే యున్నారు. పెద్ద లీగు చేరవలెనని చిన్న లీగులలో సంవత్సరములు గడపువారు వేలమంది, చేరువారు కొందరే. అట్టివారిలో అన్నిటికంటె క్రింది మెట్టున నున్నవానికి 2022 వరకు ఏడాదికి కనీస జీతము 4,800 డాలర్లు. 2023లో వారు సంఘముగా చేసికొన్న మొదటి ఒప్పందముచేత అది 19,800 డాలర్లైనది. కోట్ల కాంట్రాక్టులను గూర్చి జరిగిన వాదములలో నూరవ వంతైనను ఈ మార్పును గూర్చి జరిగినచో మేము సంతోషింతుము.

తల్లిదండ్రులారా! ఒక పరీక్ష నాలుగు వంతుల వంటిది. అందులో నూటికి ముప్పది వచ్చినవానిని మొద్దు అనకుడు. తొంబది వచ్చినవానికి అప్పుడే కలెక్టరు పేరు పెట్టకుడు. మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో ఈ రాష్ట్రపు భాషను, పుస్తకములలో ఇంగ్లీషును మోయుచున్నారు. మూడు భాషల బరువుతో నడచువాని నడక మొదట నెమ్మదిగా నుండును. మొదటి రెండేండ్ల మార్కులతో వానిని ప్రక్కింటివానితో పోల్చుట మూడు మ్యాచులు చూచి ఆటగానిని త్రోసివేయుట వంటిదే. వానికి “చదివించెదము” అని ఇచ్చిన మాట మీ ఒడంబడిక. ఒక యేడు మార్కులు తగ్గినంతమాత్రమున దానిని రద్దు చేయకుడు.

విద్యార్థులారా! మార్కులు తగ్గిన దినమున “నా అదృష్టమింతే” అనకుడు. హెచ్చిన దినమున “నా అంతవాడు లేడు” అనకుడు. ఆ మాట చెప్పుటకు చాల వంతులు కావలెను. మీ వంతులింకను చాల మిగిలియున్నవి.