ఆలస్యం... అమృతమైంది!

జర్మనీలోని యోహానిస్‌బర్గ్ కోటలో ఓ గుర్రపు రౌతు విగ్రహం ఉంటుంది. ఆయనేమీ యుద్ధాలు గెలవలేదు. ఆలస్యంగా వచ్చాడు, అంతే!

అప్పట్లో అక్కడి ద్రాక్షతోటలు ఫుల్డా మఠానివి. మఠాధిపతి అనుమతి వస్తేగానీ పళ్లు కోయకూడదు. 1775లో ఆ కబురు తెచ్చే రౌతు ఎంతకీ రాలేదట. ఈలోగా పళ్లు తీగల మీదే మగ్గి, ముడతలు పడి, బూజు పట్టాయి. పారేయడానికి మనసొప్పక వాటితోనే వైన్ చేస్తే... రుచి అదిరిపోయింది! కథలో కల్పన ఎంతున్నా, 'ఆలస్యంగా కోసినది' అని అర్థమొచ్చే 'ష్పేట్‌లేజె' అన్న మాట ఇప్పటికీ సీసాల మీద కనిపిస్తుంది.

ఆ ద్రాక్షే రీస్లింగ్. జర్మనీ తెల్ల వైన్లలో పెద్దపీట దీనిదే. 1435లోనే రుసెల్స్‌హైమ్‌లో ఓ ప్రభువుగారి పద్దుల్లో ఈ తీగలు కొన్న లెక్క ఉంది. మోజెల్ నది పక్కన ట్రాక్టరు కూడా ఎక్కలేని కొండవాలుల్లో, పలకరాళ్ల మధ్య పెరుగుతుంది. పగలు కాగిన ఆ రాళ్లు రాత్రిళ్లు తీగకు వెచ్చదనాన్నిస్తాయి. చల్లటి చోటు కాబట్టి పండు నెమ్మదిగా పండుతుంది. తీపి ఎక్కినా పులుపు పోదు. కిటుకంతా ఆ పులుపులోనే ఉంది.

జర్మన్ తెల్ల వైన్ అంటే ఉత్త తీపి నీళ్లని చాలామంది కొట్టిపారేస్తారు. 1970, 80లలో చవకరకం తియ్యటి వైన్లు విదేశాలకు గుట్టలుగా పంపి తెచ్చుకున్న పేరది. వాటిలో చాలావాటికి రీస్లింగ్‌తో పెద్దగా సంబంధమే లేదు. నింద మాత్రం దీనికీ అంటింది, పాపం!

ఇక భోజనం సంగతి. సీసా మీద 'ట్రోకెన్' అని ఉంటే తీపి దాదాపు లేనట్టే. వసంతం వస్తే జర్మన్లు తెల్ల ఆస్పరాగస్ కోసం వెర్రెత్తిపోతారు. ఉడికించిన కాడల మీద వెన్న, గుడ్డుసొనతో చేసిన సాస్, పక్కన బంగాళాదుంపలు... దానికి ఈ రకం చక్కగా కుదురుతుంది. జూన్ 24తో ఆ సీజన్ సరి. వెన్నలో వేయించిన ట్రౌట్ చేపకూ ట్రోకెనే. కొవ్వున్న పంది మాంసం తిన్నప్పుడు నోట్లో పేరుకునే జిడ్డును ఆ పులుపు కడిగేస్తుంది, వేపుడు మీద నిమ్మకాయ పిండినట్టు.

ఫాల్జ్ ప్రాంతంలో సౌమాగెన్ అని ఓ వంటకముంది. పంది పొట్టసంచిలో మాంసం, బంగాళాదుంపలు కూరి వండుతారు. మాజీ ఛాన్సలర్ హెల్ముట్ కోల్‌కు అదంటే ప్రాణం. 1989లో డైడెస్‌హైమ్‌కు వచ్చిన బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్‌కూ అదే పెట్టించారు! పక్కనే కాల్‌స్టాట్ ఊళ్లో రీస్లింగ్ పండే ఓ తోట పేరు కూడా సౌమాగెనే.

మరి కారం కూరలకో? ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఆల్కహాల్ ఎక్కువున్న వైన్ కారానికి తోడైతే నోరు భగ్గుమంటుంది. ఘాటైన ఎర్ర వైన్లలో అది 13, 14 శాతం ఉంటే, మోజెల్‌లో చేసే తేలికరకం 'కాబినెట్'లో 8, 9 దగ్గరే ఆగుతుంది. పైగా అందులోని కాస్తంత తీపి మంటను చల్లారుస్తుంది. థాయ్ కూరలకైనా, జర్మనీలో స్థిరపడ్డ తెలుగింట్లో వండే కోడికూరకైనా కాబినెట్, ష్పేట్‌లేజెలే నయం. మిఠాయిల దగ్గర మాత్రం జాగ్రత్త. వైన్ కన్నా మిఠాయి తియ్యగా ఉంటే వైన్ ఉత్త పుల్లనీళ్లే!

అన్నిటికన్నా ఆలస్యంగా కోసేది ఐస్‌వైన్ పళ్లను. మైనస్ 7 డిగ్రీలకు దిగి, పళ్లు తీగ మీదే గడ్డకట్టాక తెల్లవారకముందే కోస్తారు. 2019 పంటలో కొందరు రైతులు అలాగే పళ్లు వదిలి చలి కోసం కాచుకున్నారు. 2020 ఫిబ్రవరి కూడా దాటిపోయింది. జర్మనీలోని 13 వైన్ ప్రాంతాల్లో ఎక్కడా ఆ చలి రాలేదు. ఏ ప్రాంతంలోనూ ఐస్‌వైన్ తయారుకాకపోవడం అదే మొదటిసారి.