తల తిరిగితే మెడ ఎముకలను నిందించకండి

కళ్ళు తిరుగుతున్నాయనగానే మన ఊళ్ళలో మూడు తీర్పులు సిద్ధంగా ఉంటాయి: పైత్యం, నీరసం, మెడ ఎముకల అరుగుదల. మొదటి రెండూ ఇంటివారివి. మూడవది మా వైద్యులదే. అరవై దాటినవారి మెడకు ఎక్స్‌రే తీస్తే దాదాపు అందరిలోనూ అరుగుదల కనిపిస్తుంది. కనిపించినదే కారణమని నిశ్చయించి, మెడకు పట్టీ కట్టి, ఒక ఇంజెక్షన్ చేసి ఇంటికి పంపే పద్ధతిని నా ఉద్యోగకాలమంతా చూశాను. ఇప్పటికీ అది పోలేదు.

పక్క మీద ఒత్తిగిలినప్పుడో, తల పైకెత్తినప్పుడో గిర్రున తిరిగి నిమిషంలోపు ఆగిపోయేది చాలావరకు లోపలి చెవికి సంబంధించినదే. దానికి భయపడనక్కరలేదు. నేను చెప్పేది వేరొకటి. అకస్మాత్తుగా మొదలై, కదలకుండా పడుకున్నా గంటల తరబడి ఆగని తిరుగుడు. అందులోనూ రక్తపోటు, మధుమేహం, పొగతాగే అలవాటు ఉన్నవారికి వస్తే, చిన్నమెదడుకు రక్తం అందించే ధమని మూసుకుపోయిందేమోనని ముందు అనుమానించాలి.

"మూతి వంకర పోలేదు, చేయి పడిపోలేదు, ఇది పక్షవాతమెలా అవుతుంది?" అంటారు. చిన్నమెదడు పని కండరాలకు బలమివ్వడం కాదు, కదలికలకు పొందిక కూర్చడం. అందుకే మంచం మీద కాళ్ళూ చేతులూ చక్కగా ఆడించే మనిషి లేచి నిలబడలేడు. ఆసరా లేకుండా కూర్చోలేకపోయినా, వస్తువులు రెండుగా కనబడినా, మాట ముద్దగా వచ్చినా, మింగుడు పడకపోయినా క్షణం ఆగకండి. హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన మెడనొప్పి తోడైనా అంతే. (మెడది నిజంగా తప్పయ్యే సందర్భం ఇదొకటి. కాని అప్పుడు చెడేది ఎముక కాదు, లోపొర చీలిన ధమని.)

"సీటీ స్కాన్ బాగుంది" అన్న మాటను నేను అన్నిటికన్నా ఎక్కువగా నిరసిస్తాను. రక్తస్రావాన్ని సీటీ చక్కగా చూపుతుంది. దట్టమైన ఎముకల నడుమ ఉన్న చిన్నమెదడులో రక్తం అందని చోటును తొలి గంటల్లో తరచుగా చూపలేదు. తొలి రెండు రోజుల్లో ఎంఆర్ఐ కూడా కొన్నిసార్లు పొరబడుతుంది. కంటి కదలికలను మూడు విధాల పరిశీలించే 'హింట్స్' పరీక్ష, శిక్షణ పొందిన చేతిలో, తొలినాటి ఎంఆర్ఐ కంటే మెరుగైనదని 2009లోనే తేలింది. దానికి పైసా ఖర్చు లేదు, కొద్ది నిమిషాలు చాలు. దీనికి తీరిక లేని వైద్యుడికి మెడ ఎక్స్‌రేకు తీరిక ఎలా దొరుకుతోంది?

రక్తపు గడ్డను కరిగించే మందు అర్హులైనవారికి సాధారణంగా 4.5 గంటల లోపే ఇవ్వాలి. కనుక తిరుగుడు ఎన్ని గంటలకు మొదలైందో రాసుకుని, నరాల వైద్యుడున్న ఆసుపత్రికే వెళ్ళండి. పరీక్షించకుండా ఇంటికి పంపబోతే మర్యాదగానే అడగండి: "డాక్టరుగారూ, ఒకసారి లేపి నడిపించి చూడండి."