చింతపిక్క పారేయకండి!

ఏడాదికి సరిపడా చింతపండు కొని, కత్తిపీట ముందేసుకుని పిక్కలు తీసే ఆడవాళ్ళం ఇప్పటికీ కొందరం మిగిలి ఉన్నాం. మొన్న వేసవిలో నేనూ అలాగే కూర్చున్నాను. చేట నిండా పిక్కలు తేలాయి. మా పనమ్మాయి వాటిని చెత్తలో పోయబోతుంటే, "ఉండు, ఓ గుప్పెడు అట్టే పెట్టు" అన్నాను.

"ఎందుకమ్మా? ఓమనగుంటలాడతావేటి?" అని నవ్వింది.

ఆడటానికి కాదు, నాటడానికి అనేసరికి ఇంట్లో దుమారం రేగింది. "ఇంటి ముందు చింతచెట్టా? దెయ్యాల్ని పిలిచి పీట వేస్తావుటే!" అన్నారు మా అత్తగారు. మావారు పేపరు దించకుండానే, "దాని కాయతో నువ్వు చారు పెట్టేనాటికి మనిద్దరం గోడమీద ఫోటోల్లో ఉంటాం" అన్నారు.

"మరి ఈ పూట మీరు జుర్రుకున్న చారు ఎవరు వేసిన చెట్టుదండీ?" అన్నాను. పేపరు దిగింది గానీ జవాబు రాలేదు.

ఆ జవాబేదో మనందరం కలిసి చెప్పుకుందామనే ఈ గొడవంతా రాస్తున్నాను. మనింట్లో పులుసు, పచ్చడి, పులిహోర, చింతచిగురు పప్పు అన్నీ మనం వేయని చెట్ల నుంచి వచ్చినవే. ఎవరో ముక్కూ మొహం తెలియని తాతలు తాము తినమని తెలిసీ నాటారు. మనం మాత్రం తినేసి, పిక్క పారేసి, చెయ్యి కడుక్కుంటున్నాం!

చారు సంగతి అటుంచండి. విజయదశమి వెళ్ళిన మంగళవారం మా విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. చూడనివారి కోసం చెబుతాను. యాభై అడుగుల పైచిలుకు చింతమానును బండికి ఎక్కించి, చివర్న పూజారిగారిని కూర్చోబెట్టి, చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు తిప్పుతారు. ఆ పూటకి ఆయన మాకు అమ్మవారే. జనం అరటిపళ్ళు విసిరి దండాలు పెడతారు. ఆ చెట్టు ఏ ఊళ్ళో, ఎవరి పొలంలో ఉందో అమ్మే పూజారి కలలోకి వచ్చి చెబుతుందని నమ్మకం. తమ చెట్టు అమ్మకి నచ్చిందంటే ఆ ఇంటివాళ్ళకి అదో భాగ్యం. పసుపు కుంకుమలతో పూజచేసి, కొట్టి, హుకుంపేట తెచ్చి సిరిమానుగా చెక్కుతారు.

బాగుంది. ఏడాదికో మాను. ఇరుసుకి ఇంకొకటి. నూరేళ్ళకి రెండువందలు. కొట్టడానికి మనకో ముహూర్తం ఉంది. నాటడానికి ఏదమ్మా ముహూర్తం?

"అసలు కొట్టడం మానేస్తే పోలే?" అనే నాగరికులూ ఉన్నారు. వారితోనూ నాకు పేచీయే. రోడ్ల వెడల్పుకనీ, ఇళ్ళ స్థలాలకనీ కూల్చిన చెట్లకి ఎవరైనా బొట్టు పెట్టారా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఒక్కపూటలో మా చుట్టుపట్ల ఎన్ని చెట్లని పడగొట్టిందో కళ్ళారా చూశాం. దండం పెట్టి తీసుకునే ఒక్క చెట్టు మీద కోపమెందుకు? కొట్టినందుకు కాదు, మళ్ళీ వేయనందుకు సిగ్గుపడాలి.

"నర్సరీలో అంటుమొక్క ఉంది కదండీ, నాలుగైదేళ్ళకే కాపు" అంటుంది మా పక్కింటి వదినగారు. కాపు కోసమైతే అంటే మేలు, కాదనను. కానీ అంటుచెట్టు పొట్టిగా ఉండి, కిందనుంచే కొమ్మలు వేస్తుంది. సిరిమానుకి కావలసింది నిటారైన పొడుగు మాను. అది పిక్క నుంచే రావాలి. అదీ ఒంటరిగా వేస్తే గొడుగులా పరుచుకుంటుంది. నాలుగైదు దగ్గరగా వేస్తే, వెలుతురు కోసం పోటీపడి పైకి సాగుతాయి. ఉమ్మడి కుటుంబంలో పిల్లల్లాగన్నమాట.

స్వీడన్ దేశంలో వీసింగ్సో అని ఓ దీవి ఉంది. 1830ల నుంచి అక్కడ యుద్ధనౌకల కలప కోసం లక్షల్లో ఓక్ చెట్లు పెంచారు. అవి చేతికందేసరికి ఓడలు ఇనుపవైపోయాయి. వాళ్ళకి అవసరం పోయింది, చెట్లు మిగిలాయి. మనకో? అవసరం అలాగే ఉంది, చెట్లే పోతున్నాయి. ఎవరు తెలివైనవాళ్ళో మీరే చెప్పండి.

పోనీ అదేమైనా బ్రహ్మవిద్యా అంటే కాదు. పచ్చి పిక్కలే తీసుకోండి, వేయించినవి కావు. రాత్రి నీళ్ళలో నానేసి, పొద్దున్న అంగుళం లోతున గుచ్చండి. రెండు వారాల్లోపు, రెండు లావుపాటి పప్పుబద్దలు నెత్తిన పెట్టుకుని మొలక లేస్తుంది. తల్లివేరు తొందరగా దిగుతుంది గనక పాలపాకెట్లో ఎక్కువకాలం ఉంచకండి. మొదటి వానలకే నేలలో పెట్టేయాలి. మేకలకి అందకుండా ముళ్ళకంప కట్టి, రెండు వేసవులు నీళ్ళు పోస్తే చాలు. ఆపైన అదే మనల్ని చూసుకుంటుంది, నూరేళ్ళు పైబడి.

"మాకు స్థలమేదీ?" అంటారు ఫ్లాట్లలో వాళ్ళు. మీ బాల్కనీలో చెట్టు పెంచమనడం లేదమ్మా. మొలకదాకా మీరు పెంచండి. చెరువుగట్టుకో, బడి ఆవరణకో, పల్లెలో మీ అన్నయ్యగారి పొలంగట్టుకో అప్పగించండి. పిల్లని పెంచి అత్తారింటికి పంపడం మనకి కొత్తా?

ఇంకొక్క మాట. సిరిమానుకి ముందురోజు, తొలేళ్ళనాడు, అమ్మవారి సన్నిధిలో రైతులకి వరి విత్తనాలు పంచుతారు. వాటిని తమ విత్తనాల్లో కలిపి చల్లుకుంటే పంట బాగా పండుతుందని నమ్మకం. ఆ గుప్పిట్లోనే ఒక చింతపిక్క కూడా పెట్టమని పెద్దలని అడుగుదాం. వరిగింజా, చింతపిక్కా రెండూ వానల దాకా ఆగగలవు. వరి ఆ ఏటి అన్నానికి, చింత మన మునిమనవల నాటి సిరిమానుకి. పిక్కలు మాత్రం మనిళ్ళ నుంచే వెళ్ళాలి. చేటలు మన చేతుల్లోనేగా ఉన్నాయి!

నేను నాటిన మూడింట్లో రెండు లేచాయి. వచ్చే వానలకి మా పుట్టింటి ఊరి చెరువుగట్టు మీదికి వెళతాయి. చింతాకు సాయంత్రమయ్యేసరికి ముడుచుకుంటుంది కదా, నిన్న నేను చెంబు పట్టుకుని వెళితే మా అత్తగారు అడ్డం వచ్చారు.

"నీ దెయ్యం పడుకుందే. నీళ్ళు రేపు పోద్దువుగాని, నిద్ర చెడగొట్టకు" అన్నారు.