ఎడారిలో పడవలు

పోయిన వారం వడియాల గురించి రాస్తూ, ప్రపంచంలోకల్లా ఎక్కువ ఎండ కాసిన చోటు నేను చూసొచ్చానని ఒక మాట అనేసి వదిలేశాను. ఆ సంగతి ఈ వారం చెబుతాను. వంట చిట్కాలేమీ లేవు ఈసారి, ఏమనుకోకండి.

మా తమ్ముడు అమెరికాలో, లాస్ వేగాస్‌లో ఇల్లు కొనుక్కుని గృహప్రవేశానికి రమ్మంటే డిసెంబరులో వెళ్ళాను. మా వారికి సెలవు దొరకలేదు. వ్రతం అయిపోయింది, వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు. మర్నాడు తమ్ముడు "అక్కా, దయ్యాల ఊరు చూపిస్తా పద" అన్నాడు. నిజంగానే గుండె ఝల్లుమంది. తీరా చూస్తే జనం వదిలేసి వెళ్ళిపోయిన ఊళ్ళని అక్కడ అలా అంటారట. మనం పాడుపడ్డ ఊరు అంటాం చూడండి, అదే.

పొద్దున్నే లేచి పులిహోర కలిపాను. మరదలు పెరుగన్నం డబ్బాల్లో సర్దింది. నీళ్ళు మాత్రం కారు వెనకంతా నింపాడు తమ్ముడు. నలుగురికి ఇన్నెందుకురా అంటే, అక్కడ కారు ఆగిపోతే కొళాయి కనిపించదు అన్నాడు. ఫోన్లు కూడా చాలాచోట్ల పనిచెయ్యవట.

ఆ ఎడారి లోయ పేరు డెత్ వ్యాలీ. అందులో బాడ్ వాటర్ అనే చోటు సముద్రమట్టం కంటే 282 అడుగుల కిందకి ఉంది. 1913 జూలై 10న ఆ లోయలో 56.7 డిగ్రీల ఎండ నమోదైంది. మేం వెళ్ళింది చలికాలం కాబట్టి స్వెట్టర్లు వేసుకునే తిరిగాం. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా పోతూ, దగ్గరిదారి అనుకుని అందులోకి దిగి చిక్కుకుపోయినవాళ్ళు పెట్టిన పేరట అది. టింబిషా షోషోనీ అనే ఆదివాసులు మాత్రం అంతకు ఎంతో ముందునుంచీ అక్కడే కాపురాలు చేసుకుంటున్నారు. ఎవరికో మృత్యులోయ అయినది వాళ్ళకి పుట్టిల్లు! 2000లో చట్టం చేసి కొంత భూమి వాళ్ళకి తిరిగి ఇచ్చారు.

మేం ముందు చూసింది ఆ లోయ అంచున, నెవాడా రాష్ట్రంలో ఉన్న రయొలైట్ అనే ఊరు. ఊరంటే ఏముంది, బోడికొండల మధ్య అక్కడొక గోడ, ఇక్కడొక గోడ. 1904లో ఇద్దరు మనుషులకి ఆ కొండల్లో బంగారపు రాయి దొరికింది. అంతే, రెండు మూడేళ్ళలో వేలమంది వచ్చిపడ్డారు. మొదట్లో నీళ్ళు పీపాల్లో తెచ్చి అమ్మేవారట, ఆ తర్వాత గొట్టాలు వచ్చాయి. కరెంటు, టెలిఫోన్లు, ఆసుపత్రి, నాటకశాల అన్నీ వచ్చాయి. షేర్లు అమ్ముకోవడానికి ఒక ఎక్స్ఛేంజీ కూడా! రైళ్ళు ఒకటి కాదు, మూడు కంపెనీలవి నడిచాయి. మూడంతస్తుల బ్యాంకు మేడ 1908లో పూర్తయింది, ఖర్చు 90 వేల డాలర్లు. ఇప్పుడు ఎదుటి గోడ నిలబడి ఉంది, కిటికీల్లోంచి ఆకాశం కనిపిస్తుంది.

నాకు బాగా నచ్చింది సీసాల ఇల్లు. ఎడారిలో కలప ఎక్కడినుంచి వస్తుంది? అందుకని టామ్ కెల్లీ అనే ఆయన 1906లో సారాకొట్ల వాళ్ళు పారేసిన సీసాలు ఓ యాభై వేలు పోగుచేసి, మట్టితో కలిపి గోడలు కట్టేశాడు. అప్పటికి ఆయన వయసు 76. సీసాల అడుగులు బయటకి పెట్టి పేర్చాడు, ఎండ పడితే గోడ నిండా ఆకుపచ్చ, గోధుమరంగు చుక్కలు మెరుస్తాయి. ఆ ఊళ్ళో ఎంత తాగారో లెక్క కావాలంటే ఆ గోడ దగ్గర నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. 1925లో ఓ సినిమా కంపెనీ తమ సినిమా కోసం దాన్ని బాగుచేసిందట. చుట్టూ కంచె ఉంది, బయటనుంచే చూడాలి.

అక్కణ్ణించి బడి దగ్గరికి వెళ్ళాం. కాంక్రీటుతో కట్టిన రెండంతస్తుల బడి. 20 వేల డాలర్లు పెట్టి 1909లో కట్టారు. అది పూర్తయ్యేసరికి జనం వెళ్ళిపోవడం మొదలైంది, గదులు ఎన్నడూ పూర్తిగా నిండలేదు. ఆ పక్కనే రాళ్ళమీద దుప్పటి పరుచుకుని పులిహోర తింటూంటే మా మేనల్లుడు "అత్తా, బంగారం అయిపోయిందా, ఎందుకు వెళ్ళిపోయారు?" అని అడిగాడు. వాడికి తొమ్మిదేళ్ళు. నేనూ అదే అడుగుదామనుకుంటున్నాను.

తమ్ముడు చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది. బంగారం లేక కాదు, అనుకున్నంత లేక. గని పేరు మీద షేర్లు తూర్పున ఉన్న పెద్దపట్నాల్లో అమ్మారు. ఎప్పుడూ ఆ కొండ మొహం చూడనివాళ్ళు కొన్నారు. 1907లో న్యూయార్కులో బ్యాంకులు గడగడలాడాయి, అప్పు పుట్టడం మానేసింది. 1908లో షేర్లు కొన్నవాళ్ళకి అనుమానం వచ్చి బయటివాళ్ళ చేత గనిని పరీక్ష చేయించారు. చెప్పినంత విలువ లేదని తేలింది. షేరు ధర పడిపోయింది. 1910 జనాభా లెక్కల్లో ఊళ్ళో 675 మందే మిగిలారు. 1911లో పెద్ద గని మూతపడింది, 1916లో కరెంటు తీసేశారు. పనికొచ్చే చెక్కా, తలుపులూ, ఏకంగా కొన్ని ఇళ్ళే ఊడదీసి పక్కనున్న బీటీ అనే ఊరికి పట్టుకుపోయారట. తలుపులూ ద్వారబంధాలూ పట్టుకుపోవడం మన దగ్గర ప్రాజెక్టుల కింద మునిగిన ఊళ్ళలోనూ జరిగిందే. కానీ అక్కడ నీళ్ళొచ్చాయి. ఇక్కడ ఒక కాగితం వచ్చింది, అంతే!

మధ్యాహ్నం కొండ దిగి లోయలోకి వెళ్ళాం. అక్కడ నేల మీద తెల్లటి పొడి, మన ఉప్పుమళ్ళలాగ. అది వెలిగారం! కంసాలి బంగారానికి అతుకు పెట్టేటప్పుడు చల్లే పొడి. క్యారమ్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడరు దాని చుట్టమే. 1881లో ఆరన్ వింటర్స్, అతని భార్య రోజీ అనే బీద దంపతులు ఆ తెల్లపొడి తెచ్చుకుని, రాత్రిపూట మందులు కలిపి వెలిగించి చూశారు. మంట ఆకుపచ్చగా వస్తే వెలిగారమని గుర్తు. వచ్చింది. ఆ నేల మీద హక్కుని 20 వేల డాలర్లకి అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు 1883లో హార్మనీ అనే చోట కార్ఖానా పెట్టారు. పద్దెనిమిది కంచరగాడిదలు, రెండు గుర్రాలు కట్టిన బళ్ళు 165 మైళ్ళు నడిచి రైలుకి సరుకు చేర్చేవి. ఎండాకాలంలో ఆ వేడికి వెలిగారం గడ్డకట్టేది కాదట, పని ఇంకోచోటికి మార్చేవారు. ఆ కార్ఖానాలో ఒళ్ళు వంచినవాళ్ళు ఎక్కువమంది చైనా కూలీలు. వాళ్ళ పేర్లు మాత్రం నాకక్కడ ఎక్కడా కనిపించలేదు. అదీ 1888లోనే మూతపడింది, గోడలూ బాయిలరూ బళ్ళూ ఉన్నాయి. కానీ ఇంత తిరిగాక నాకు తెలిసిందేమిటంటే, ఆ లోయలో ఎక్కువ కాలం డబ్బు తెచ్చిపెట్టింది బంగారం కాదు, బట్టలుతుక్కునే వెలిగారం.

అక్కడి సందర్శకుల కేంద్రంలో తమ్ముడు ఒక పుస్తకం కొన్నాడు. తిరుగుదారిలో మరదలు చదివి తెలుగులో చెబుతోంది. ఆ కొండల్లోనే లెడ్‌ఫీల్డ్ అని ఇంకో పాడుపడ్డ ఊరుంది. మా కారు ఆ మట్టిదారికి పనికిరాదని వెళ్ళలేదు. 1926లో సి.సి. జూలియన్ అనే ఆయన అక్కడ సీసం గనులున్నాయని షేర్లు అమ్మాడు. ప్రకటనల్లో ఆ ఊరికి అమర్గోసా నది మీద పొగఓడలు వస్తున్నట్టు బొమ్మలు వేయించాడని చెబుతారు. ఆ నదిలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. పైగా ఆ ఊరికి ఎంతో దూరంలో ఉంది. ఆగస్టులో పోస్టాఫీసు తెరిచారు, 1927 జనవరిలో మూసేశారు. ఆర్నెల్ల ఊరు!

మరదలు నవ్వుతోంది, తమ్ముడు నవ్వుతున్నాడు. నేను నవ్వలేకపోయాను.

ఎందుకంటే ఆ పడవ బొమ్మ మా ఇంట్లో ఉంది. ఎనిమిదేళ్ళ కింద మా వారు ఒక వెంచర్లో 200 గజాల స్థలం కొన్నారు. రంగుల కాగితంలో ఈతకొలను, పిల్లల పార్కు, చెరువులో పడవ. అమ్మాయి పెళ్ళినాటికి రెట్టింపవుతుందని నా గాజులు నాలుగు అమ్మి కట్టాం. ఒక్కసారి బస్సులో తీసుకెళ్ళి చూపించారు, భోజనాలు పెట్టారు, 84వ నంబరు రాయి ఇదే అన్నారు. మిగతా రాళ్ళూ అలాగే ఉన్నాయి, ముళ్ళచెట్ల మధ్య. ఆ తర్వాత నేను మళ్ళీ వెళ్ళలేదు. వెళ్ళాలని తోచలేదు కూడా. బీరువాలో కాగితం ఉంది కదా అని ధీమా. నేను అమెరికా బయల్దేరే ముందే, రోడ్లకీ కరెంటుకీ ఇంకో లక్షన్నర కట్టమని ఉత్తరం వచ్చింది. మా వారు బ్యాంకులో ఉన్నది తీసి కట్టేద్దామనుకుంటున్నారు.

తమ్ముడింటికి చేరేసరికి రాత్రి ఎనిమిది. మనకి తెల్లారి తొమ్మిదిన్నర. ఫోన్ చేశాను.

"ఆ డబ్బు కట్టారా?"

"రేపు వెళ్దామనుకుంటున్నా. కట్టకపోతే ప్లాటు రద్దు చేస్తారంటున్నారు."

"ముందు మీరొకసారి వెళ్ళి చూసి రండి. ఒక్క కరెంటు స్తంభమైనా పాతారేమో చూడండి. చూశాక కడదాం."

"అంతదూరం నుంచి ఫోన్ చేసి చెప్పాల్సిన మాటా ఇది?" అని విసుక్కున్నారు. దయ్యాల ఊరు చూసొచ్చి భయపడ్డానని అనుకుని ఉంటారు. సరే, నువ్వొచ్చాక ఇద్దరం వెళ్దాంలే అన్నారు చివరికి.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం వెళ్ళాం. స్తంభాల్లేవు. రోడ్డు అన్నచోట గొర్రెల కాపరి మందని తోలుకుపోతున్నాడు. ఆఫీసు ఉండే రేకుల షెడ్డుకి తాళం. మా వారు చాలాసేపు ఏమీ మాట్లాడకుండా 84వ నంబరు రాయి వెతికారు. దొరికింది, దాని పక్కన రేగుచెట్టు మొలిచి విరగకాసింది. ఆ లక్షన్నర బ్యాంకులోనే ఉంది. ఇచ్చిన డబ్బు ఎలా రాబట్టాలో కనుక్కోవడానికి వకీలు దగ్గరికి రెండుసార్లు తిరిగాం, ఇంకా తిరుగుతున్నాం.

రేగుపళ్ళు మాత్రం కొంగు నిండా కోసుకొచ్చాను. వచ్చే వారం రేగొడియాలు ఎలా పెట్టుకోవాలో రాస్తాను.