టామీకీ ఓ టికెట్!

వీసా స్టాంపు పడిందన్న కబురు రాగానే ఇంట్లో హడావుడి మొదలవుతుంది. ఆవకాయ ఎవరు పెట్టాలి, ప్రెషర్ కుక్కర్ ఏ పెట్టెలో సర్దాలి, ఫ్లాట్ అద్దెకివ్వాలా తాళం వెయ్యాలా, పిల్లల టీసీలు ఎప్పుడు తీసుకోవాలి... జాబితా తయారవుతుంది. అందులో ఏ ఇరవయ్యో నంబరు దగ్గరో 'టామీ' అని రాసి, పక్కన ఓ ప్రశ్నార్థకం పెడతారు. టామీగారు మాత్రం ఇంటికొచ్చిన కొత్త సూట్‌కేసును నాలుగువైపులా వాసన చూసి, దానికే ఆనుకుని కునుకు తీస్తుంటారు.

చిక్కంతా ఆ ఇరవయ్యో నంబరుతోనే. కాపురం విదేశానికి మారుతున్నప్పుడు ఇంట్లో అందరికంటే ముందు మొదలవ్వాల్సింది కుక్క పనే. మనకు వారం ముందు కూడా టికెట్ దొరుకుతుంది. కుక్కకు మాత్రం ఎంత డబ్బు పోసినా, ఎంతటి పెద్దమనిషితో ఫోన్ చేయించినా గడువు తగ్గదు. ఎందుకంటే ఆ గడువు పెట్టించింది రేబిస్. మన దేశంలో కుక్కల నుంచి వచ్చే రేబిస్ ఇంకా పోలేదు. పోగొట్టుకున్న దేశాలు దాన్ని మళ్లీ లోపలికి రానివ్వకూడదని కాపలా కాస్తున్నాయి. వాళ్ల భయంలో తప్పేమీ లేదు.

మొదటి పని మైక్రోచిప్. బియ్యపుగింజంత ఉంటుంది. భుజాల మధ్య చర్మం కింద సూదితో పెట్టేస్తారు. కుక్క తప్పిపోతే ఫోన్లో కనిపిస్తుందని కొందరు సంబరపడతారు కానీ అందులో బ్యాటరీ లేదు, జీపీఎస్సూ లేదు. స్కానర్ పెడితే 15 అంకెలు చూపిస్తుంది, అంతే. అయితే ఆ అంకెలే మన టామీకి పాస్‌పోర్టు నంబరు. చిప్ తర్వాత రేబిస్ టీకా. ఈ వరస తప్పకూడదు. ఏటా టీకాలు వేయించి, పుస్తకం నిండా స్టిక్కర్లు అంటించుకున్నవాళ్లు కూడా ఇక్కడే తల పట్టుకుంటారు. చిప్ లేనప్పుడు వేసిన టీకా చాలా దేశాల లెక్కలోకి రాదు. 'ఆ సూది ఈ కుక్కకే పొడిచారని రుజువేంటి?' అన్నది వాళ్ల ప్రశ్న. కాబట్టి చిప్ పెట్టించి టీకా మళ్లీ వేయించాల్సిందే.

టీకా వేశాక కనీసం 30 రోజులాగి రక్తం తీస్తారు. వెళ్లబోయే దేశం ఒప్పుకున్న ల్యాబ్‌కే అది వెళ్లాలి. రక్తంలో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లన్నా ఉండాలి. తక్కువొస్తే మళ్లీ టీకా, మళ్లీ రక్తం, మళ్లీ నిరీక్షణ. ఈ మెట్టు దాటాక దేశాన్ని బట్టి దారులు చీలిపోతాయి.

బ్రిటన్ వెళ్లాలంటే రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు బాగున్నా ఈ ఆగడం ఎందుకంటారా? టీకాకు ముందే వైరస్ ఒంట్లో చేరి ఉంటే అది బయటపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ లోపు కుక్క ఆరోగ్యంగానే ఉందా లేదా తేలిపోవాలి. అంటే చిప్ పెట్టిన రోజు నుంచి విమానం ఎక్కేదాకా తక్కువలో తక్కువ నాలుగు నెలలు. 2000 సంవత్సరానికి ముందైతే బ్రిటన్ వెళ్లే కుక్క ఆరు నెలలు క్వారంటైన్ గదిలో గడపాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ ఎదురుచూపేదో మన హాల్లో, మన కాళ్ల దగ్గరే గడిచిపోతుంది. బ్రిటన్‌లో అడుగుపెట్టడానికి ముందు 24 గంటల నుంచి 120 గంటల లోపు బద్దెపురుగుల మందు వేయించి, డాక్టరు చేత రాయించడం మాత్రం మరిచిపోకూడదు.

అమెరికా సంగతి వేరు. 2021 జులైలో మన దేశం సహా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి కుక్కల రాకను దాదాపు ఆపేసింది. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నిబంధనలు తెచ్చింది. కుక్కకు ఆరు నెలలు నిండాలి, చిప్ ఉండాలి, టీకా పత్రంపై ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం ఉండాలి. రక్తనమూనా ప్రయాణానికి కనీసం 28 రోజుల ముందు తీసినదై ఉండాలి. ఆ రిపోర్టు లేకపోతే అక్కడ దిగాక 28 రోజులు క్వారంటైన్, ఖర్చు మనదే. పైగా మన దేశం నుంచి వెళ్లే కుక్క ఎక్కడపడితే అక్కడ దిగడానికి లేదు. అట్లాంటా, న్యూయార్క్ జేఎఫ్‌కే, లాస్ ఏంజెలెస్ వంటి, అనుమతి ఉన్న జంతు సంరక్షణ కేంద్రాలున్న విమానాశ్రయాల్లోనే దిగాలి. అక్కడ ముందే బుక్ చేసుకోవాలి. వాళ్లు పరీక్షించి మరో టీకా వేస్తారు. నిబంధన వచ్చినప్పుడు ఆ జాబితాలో డాలస్ లేదు. మనవాళ్లలో సగం మంది చూపు అటే కాబట్టి ఇది చెప్పడం. టికెట్లు కొన్నాక తెలిస్తే చేసేదేం లేదు.

ఆస్ట్రేలియాకైతే మన దగ్గర్నుంచి నేరుగా పంపడమే కుదరదు. ఆ ప్రభుత్వం ఆమోదించిన మరో దేశంలో ఉంచి, అక్కడి షరతులన్నీ పూర్తి చేసి, ఆ తర్వాత మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్‌లో క్వారంటైన్‌కి పంపాలి. నెలల తరబడి పని. ఇక యూఏఈకి రాట్‌వైలర్‌తో వెళ్దామనుకునేవాళ్లు ఆ ఆశ వదులుకోవడమే, ఆ జాతిని రానివ్వరు. నిబంధనలు ఏడాదిలోనే మారిపోవచ్చు. కాబట్టి పక్కింటాయన మూడేళ్ల కిందట ఎలా తీసుకెళ్లాడో విని ఊరుకోకండి. ఆ దేశపు అధికారిక సమాచారాన్ని పని మొదలుపెట్టేటప్పుడోసారి, ప్రయాణానికి నెల ముందు మరోసారి చూసుకోండి. మన వైపు నుంచి కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ విభాగం ధ్రువపత్రం కావాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనూ ఉంది.

కాగితాలు ఏజెంటు చూసుకుంటాడు. పంజరం అలవాటు చేసే పని మాత్రం ఏ ఏజెంటూ చేసిపెట్టలేడు. అది మన ఇంటి పని.

ముందు కొలతలు. అంతర్జాతీయ విమానయాన సంఘం లెక్క ప్రకారం ముక్కు కొస నుంచి తోక మొదలుదాకా ఎంతుందో కొలిచి, దానికి ముందుకాలి మోచేయి ఎత్తులో సగం కలిపితే పంజరం పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు ఉండాలి వెడల్పు. నిలబడితే తల, నిక్కిన చెవులు పైకప్పుకు తగలకూడదు, కింద పరిచే పక్క మందం కూడా కలుపుకోవాలి. పిసినారితనం ఇక్కడ పనికిరాదు. చిన్నదైతే విమానాశ్రయంలోనే వెనక్కి పంపేస్తారు. పెద్దదైతే బిల్లు పెరుగుతుంది మరి. సరకు విమానాల లెక్క బరువుతో పాటు చోటును బట్టి కూడా ఉంటుంది. 102 సెంటీమీటర్ల పొడవు, 69 వెడల్పు, 76 ఎత్తున్న పంజరాన్ని ఆ లెక్కలో 89 కిలోలుగా కడతారు. లోపల కూర్చున్న లాబ్రడార్ బరువు ముప్ఫై కిలోలే అయినా సరే! పెద్ద కుక్కల ఖర్చు లక్షల్లోకి వెళ్లేది ఇందుకే.

పంజరం ప్రయాణం రోజున కాదు, కనీసం రెండు మూడు నెలల ముందు ఇంటికి రావాలి. తలుపు తీసేసి హాల్లో ఓ మూల పెట్టండి. బలవంతంగా తోయొద్దు. పెరుగన్నం గిన్నె మొదట దాని గుమ్మం దగ్గర, కొన్ని రోజులకు లోపల పెట్టండి. తనంతట తాను వెళ్లి పడుకునే రోజు వస్తుంది. అప్పుడు తలుపు బిగించి, తింటున్నంతసేపే మూసి ఉంచండి. తర్వాత పావుగంట, గంట, ఓ రాత్రి. ఆ తర్వాత పంజరంతో సహా కారెక్కించి ఊరంతా తిప్పండి. దీపావళికి మంచం కిందికి దూరి వణికే కుక్కయితే చప్పుళ్లకు అలవాటు చేయడానికి ఇంకా ఎక్కువ రోజులు పెట్టుకోవాలి. నీళ్ల గిన్నె తలుపుకు బిగించి, బయటి నుంచే నింపేలా ఉండాలి. ముందురోజు రాత్రి ఆ నీటిని గడ్డకట్టిస్తే ఒలికిపోకుండా మెల్లగా కరుగుతుంది. లోపల పరచడానికి కొత్త దుప్పటి కొనకండి. ఇంటి ఇల్లాలు కట్టి విడిచిన పాత నేతచీర, ఉతకనిది, దానికి మించిన పరుపు లేదు. ముక్కుతో బతికే జీవికి ఆ పద్దెనిమిది గంటలూ ఇల్లు తోడున్నట్టే.

'మత్తు సూది వేయించి పంపితే పోలా?' అని అడిగేవాళ్లున్నారు. వద్దు. ఆకాశంలో మత్తు మందు ఊపిరిని, రక్తపోటును ఎలా లాగేస్తుందో చూసేందుకు పక్కన ఎవరూ ఉండరు. చాలా విమాన సంస్థలు మత్తులో ఉన్న కుక్కను అసలు ఎక్కించుకోవు. పగ్‌లు, బుల్‌డాగ్‌ల వంటి చప్పిడిముక్కు వాళ్లకు ఇంకో గండం. 2003లో టీవీలో హచ్ ప్రకటన వచ్చాక మన ఊళ్లలో ఇంటింటికీ పగ్ దిగింది గుర్తుందా? ఆ ముద్దొచ్చే ముక్కుతోనే వాటికి వేడిలో ఊపిరాడదు. అందుకే చాలా సంస్థలు వాటిని వద్దంటాయి, ఒప్పుకున్నవీ పంజరం పదో వంతు పెద్దది అడుగుతాయి. మామూలు కుక్కల్ని కూడా మండుటెండల్లో తీసుకెళ్లేందుకు వెనకాడతారు. మనమేమో పిల్లల పరీక్షలయ్యాక మే నెలలో ప్రయాణం పెట్టుకుంటాం. కుటుంబం ముందు వెళ్లి, టామీ తర్వాత చల్లబడ్డాక రావడమే కొన్ని ఇళ్లకు సరైన దారి. కెనడాలాంటి చోట యజమాని పక్కన లేకుండా వస్తే నిబంధనలు వేరుగా ఉంటాయి, అది ముందే అడిగి తెలుసుకోవాలి.

అన్ని కుక్కలూ వెళ్లాల్సినవేనా అంటే కాదు. పన్నెండేళ్లు దాటి, గుండె జబ్బుతో, కీళ్ల నొప్పులతో ఉన్నదాన్ని మన మనశ్శాంతి కోసం విమానమెక్కించడం ప్రేమ అనిపించుకోదు. డాక్టరు వద్దంటే వినాలి. అప్పుడు కూడా నాలుగు నెలల గడువే దానికి రక్ష. కొత్త ఇల్లు వెతకాలి, వాళ్లింటికి ముందు గంట, తర్వాత ఓ రోజు, తర్వాత వారం పంపి చూడాలి. ఊళ్లో అమ్మానాన్నలకు అప్పగించడం తేలికే కానీ, డెబ్భై ఏళ్ల నాన్నగారు లాబ్రడార్ గొలుసు పట్టుకుని మెట్లు దిగగలరా? డాక్టరు దగ్గరికి ఎవరు తీసుకెళ్తారు? నెలనెలా డబ్బు పంపితే సరిపోదు, మనిషిని కూడా కుదర్చాలి.

ఇవేవీ చేయనివాళ్లు చివరి వారంలో చేసే పని అందరికీ తెలుసు. "వాడేమన్నా పిల్లోడా వదినా, అక్కడికెళ్లి ఇంకోటి కొనుక్కుంటే పోలా?" అని ఓ సలహా ఎదురింటి నుంచి వస్తుంది. తెల్లవారుజామున కారు ఊరి చివరి దాకా వెళ్లి ఖాళీగా తిరిగొస్తుంది. సోఫా మీద పెరిగిన కుక్క వీధికుక్కల మధ్య రెండు రోజులు నిలవలేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం ఆకలిదప్పులకు జంతువును వదిలేయడం నేరమే. మొదటిసారికి ఆ చట్టంలో రాసిన జరిమానా 10 నుంచి 50 రూపాయలు. విమానాశ్రయంలో ఆ డబ్బుకు టీ కూడా రాదు. అమల 1992లో మొదలుపెట్టిన బ్లూక్రాస్ లాంటి సంస్థలకు రోడ్ల మీద దెబ్బలు తిన్న మూగజీవాలతోనే చేతినిండా పని. వీసా వచ్చినవాళ్ల బరువు కూడా వాళ్ల మీదే పెట్టడం న్యాయమా?

సరే, టామీ దిగింది. తొలి వారం అర్ధరాత్రి రెండింటికి లేచి ఆటకు పిలుస్తుంది. మీకూ నిద్ర పట్టదు కాబట్టి ఫర్వాలేదు. పాత తిండే కొన్నాళ్లు పెట్టి, కొత్తది వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా కలపండి. 'రా', 'కూర్చో', 'వద్దు' అన్న మాటలు మార్చక్కర్లేదు, అక్కడా దానికి తెలుగే వస్తుంది. గొలుసు లేకుండా మాత్రం కొన్ని వారాల దాకా గుమ్మం దాటనివ్వొద్దు. తప్పిపోయిన కుక్కకు ఎవరైనా స్కానర్ పెడితే ఆ 15 అంకెల వెనక హైదరాబాద్ ఫోన్ నంబరే ఉంటుంది. సామాను విప్పేలోపే ఆ నంబరు మార్పించండి.